వరద వచ్చేలోగా

పి.గన్నవరంలో గోదావరి వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని దాటించిన పాత అక్విడెక్టు చూశారా? ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన రోజుల్లోనే, ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర దగ్గర పనిచేసిన హేగ్ అనే ఇంజనీరు కట్టించింది. 40 అడుగుల కమానులు 49! ఒక్క వేసవి పనికాలంలోనే లేపారంటే ఆశ్చర్యమే.

గోదావరికి మళ్లీ ఎర్రనీరు రాకముందే పునాదులు పైకి రావాలి. ఇటుకబట్టీ ఆలస్యమైతే తాపీమేస్త్రీ చేతులు ముడుచుకోవాల్సిందే. సున్నం అందకపోతే ఇటుక ఉన్నా గోడ లేవదు. ఎవరి తర్వాత ఎవరో ముందే తేల్చుకోవడమే అక్కడ అసలు ఇంజనీరింగు.

ఆనకట్టకు మనుషుల్ని కూడగట్టిన వీణెం వీరన్నగారిని మనవాళ్లు నేటికీ తలుచుకుంటారు. రాజోలు వైపు చేలకు నీరు దాటించిన ఆ మేస్త్రీల, కూలీల పేర్లు కూడా రాతిమీద చెక్కించి ఉండాల్సింది.