సరిహద్దులు దాటే నికాహ్: కాగితాల్లో సత్యం, ఖర్చులో న్యాయం

 



ఒక జుమా నమాజు ముగిశాక ఒక పెద్దమనిషి ప్లాస్టిక్ సంచి నిండా కాగితాలతో మా దగ్గరకు వచ్చి కూర్చున్నారు. నాలుగేళ్ళ క్రితం తమ అమ్మాయికి నికాహ్ చేశారట. అబ్బాయి తల్లిదండ్రులు అమెరికాలో గ్రీన్‌కార్డు మీద ఉన్నారు. కొడుకు అవివాహితుడని రాసి అతనికి కూడా దరఖాస్తు పెట్టారు. ఆ కోవలో వీసా రావాలంటే పెళ్ళి కాకుండా ఉండాలి. పెళ్ళయిన మరుక్షణం ఆ దరఖాస్తు చెల్లదు. అందుకని అబ్బాయి తరఫువారు, “నికాహ్ జరగనివ్వండి, రిజిస్ట్రేషన్ మాత్రం ఇప్పుడే వద్దు. వీసా వచ్చాక చూసుకుందాం” అన్నారు. వీరూ సరేనన్నారు. అబ్బాయి అవివాహితుడని సంతకం చేసి వెళ్ళిపోయాడు. భార్యకు నెలకు పదివేలు పంపుతానని పెద్దల ఎదుట ఒప్పుకున్నవాడు ఎనిమిది నెలలు పంపి ఆపేశాడు. ఇప్పుడు భార్యను పిలిపించుకుందామంటే నికాహ్‌నామా మీది తారీఖే అతని అబద్ధాన్ని బయటపెడుతుంది.

“మౌలానా సాబ్, కొత్త తారీఖుతో ఇంకోసారి నికాహ్ చదివించమంటున్నారు. జాయిజేనా?” అని ఆ తండ్రి అడిగారు.

ఆయనకు మేమిచ్చిన జవాబు చివర్లో మనవి చేస్తాము. ఈనాడు మన ఇళ్ళలో అమెరికా, బ్రిటన్, గల్ఫ్ సంబంధాలు కొత్త కాదు. కనుక ఈ ఒక్క ఇంటి బాధ వెనుక ఉన్న ధర్మ విషయాలను ముందుగా అందరం తెలుసుకోవడం అవసరం.

రాసుకోవడం ధర్మంలో భాగమే

“వీసా, అటెస్టేషన్ ఇవన్నీ దునియా పనులు. దీన్‌కు వీటితో ఏమి సంబంధం?” అని కొందరు అంటూ ఉంటారు. ఇది పొరపాటు. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు బఖరా సూరాలోని 282వది. అది అప్పు పత్రం గురించినదే. గడువు పెట్టుకున్న అప్పును రాసుకోవాలనీ, రాసేవాడు న్యాయంగా రాయాలనీ, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించకూడదనీ, సాక్షులు పిలిస్తే నిరాకరించకూడదనీ అల్లాహ్ అందులో బోధించాడు. కొన్ని నెలల అప్పు విషయమే ఇలా ఉంటే, నిసా సూరా 21వ ఆయతులో గట్టి ప్రమాణమని పేర్కొనబడిన నికాహ్ విషయం ఎలా ఉండాలి?

హుదైబియా ఒడంబడికను గుర్తు చేసుకోండి. హజ్రత్ అలీ (రజి) పత్రం రాస్తున్నారు. దైవప్రవక్త అనే మాటకు ఖురైషుల ప్రతినిధి సుహైల్ అభ్యంతరం చెప్పాడు. అప్పుడు దైవప్రవక్త (సఅసం) ఆ మాట తీయించి, ముహమ్మద్ బిన్ అబ్దుల్లాహ్ అని రాయించారు. ఆయన దైవప్రవక్త అన్న సత్యానికి దానివల్ల ఏ లోటూ రాలేదు. రాసిన రెండవ పేరు కూడా అక్షరాలా నిజమే. పత్రం రెండు పక్షాలకూ చెల్లేలా ఉండాలి, అందులో అబద్ధం ఉండకూడదు. ఈ రెండూ మనం అందులోంచి నేర్చుకోవలసిన పాఠాలు.

సముద్రం అవతలి నికాహ్

దూరదేశపు నికాహ్‌కు మన చరిత్రలోనే మంచి ఆదర్శం ఉంది. విశ్వాసుల మాతృమూర్తి ఉమ్మె హబీబా (రజి) హబషా దేశంలో వలస జీవితం గడుపుతూ ఒంటరి అయ్యారు. దైవప్రవక్త (సఅసం) మదీనా నుంచి వివాహ సందేశం పంపారు. హబషా రాజు నజాషీ ఆ నికాహ్ జరిపించారు. ఆమె తరఫున ఖాలిద్ బిన్ సయీద్ (రజి) వకీలుగా ఉన్నారు. నాలుగు వందల దీనార్ల మహర్‌ను నజాషీ అక్కడికక్కడే చెల్లించారని చరిత్రకారులు రాశారు. నాలుగు వేల దిర్హములన్న ఉల్లేఖనం కూడా ఉంది. ఆ పిమ్మట హజ్రత్ షురహ్‌బీల్ బిన్ హసనా (రజి) వెంట ఆమెను గౌరవంగా మదీనాకు పంపించారు.

గమనించండి! వకీలు ఉన్నారు, సభ ఉంది, మహర్ చేతికి అందింది, ప్రయాణంలో తోడు ఉంది. రహస్యం లేదు. “తరువాత చూద్దాం” అన్న మాట లేదు.

నికాహ్ రోజునే చేయవలసిన పనులు

నికాహ్‌నామాలో వధూవరుల పేర్లు, తండ్రి పేర్లు, పుట్టిన తేదీలు పాస్‌పోర్టులో ఉన్నట్లే ఉండాలి. ఒకచోట ‘మొహమ్మద్’, మరోచోట ‘ఎండీ’ అని ఉంటే ఆ ఒక్క తేడాకే నెలల తరబడి తిరగవలసి వస్తుంది. ఖాజీ గారి పుస్తకంలో నమోదయ్యాక వక్ఫ్ బోర్డు ఇచ్చే వివాహ ధ్రువపత్రం తీసుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన చట్టం అన్ని మతాల వివాహాలకూ రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేసింది. దానిని వాయిదా వేయమని అడిగే సంబంధం విషయంలో, ఎందుకు వద్దంటున్నారని వలీ గట్టిగా అడగాలి.

ఈ పత్రాలు విదేశంలో చెల్లాలంటే ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపైన విదేశాంగ శాఖ ముద్ర కావాలి. అపోస్టిల్ ఒప్పందంలో మన దేశం 2005 నుంచి ఉంది. సౌదీ అరేబియాలో 2022 డిసెంబరు నుంచి అది అమలులోకి వచ్చింది. ఆ ఒప్పందంలో లేని దేశాలకైతే ఆ దేశ రాయబార కార్యాలయపు అటెస్టేషన్ అవసరం.

పెళ్ళికొడుకు విదేశీయుడైతే అతని పాస్‌పోర్టు, వీసా, ఇంతకుముందు పెళ్ళి అయిందా లేదా అన్న ధ్రువపత్రం, ఉద్యోగపు కాగితాలు చూడకుండా ఖాజీ గారు ఖుత్బా మొదలుపెట్టకూడదు. హైదరాబాద్ పాతబస్తీలో పేద ఇళ్ళ ఆడపిల్లలను కొద్దిరోజుల ‘నికాహ్’ పేరుతో వృద్ధులకు అప్పగించిన ఉదంతాలు మన తలలు వంచాయి. 2017 సెప్టెంబరులో ఒమన్, ఖతర్ జాతీయులతో పాటు ఖాజీలు కూడా అరెస్టయ్యారు. కొద్దిరోజుల్లో వదిలేద్దామని తెలిసి చేసే ఆ తంతు నికాహ్ పవిత్రతను అపహాస్యం చేయడమే. అలాంటి కాగితం మీద సంతకం చేసే చేయి రేపు అల్లాహ్ ముందు మాట్లాడుతుంది.

భార్య పాస్‌పోర్టు, నికాహ్‌నామా అసలు ప్రతి ఆమె దగ్గరే ఉండాలి. “పోగొట్టుకుంటావు, ఇలా ఇవ్వు” అని తీసి దాచే అత్తమామలు తమది కాని అమానత్‌ను ఆపి ఉంచిన వారవుతారు.

ఎవరి ఖర్చు ఎవరిది?

మొదటిది మహర్. ఎంత, ఏ దేశపు డబ్బులో, ఇప్పుడెంత, తరువాత ఎంత అన్నది స్పష్టంగా రాయాలి. డాలర్లనో రియాళ్ళనో రాస్తే అవే బాకీ. వాటి బదులు రూపాయలు ఇస్తే చెల్లించే నాటి విలువ ప్రకారం ఇవ్వాలి.

రెండవది నఫఖా, అంటే పోషణ. “వీసా రాలేదు, ఆమె పుట్టింట్లోనే ఉందిగా, తిండికి ఏమి లోటు?” అని అనుకునే భర్తలు ఉన్నారు. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం, భర్త పిలిచినప్పుడు రానని మొరాయించని భార్య పుట్టింట్లో ఉన్నా ఆమె ఖర్చు భర్తదే. అయితే ఖాజీ తీర్పుగానీ పరస్పర ఒప్పందంగానీ లేకపోతే గడచిపోయిన నెలల నఫఖా బాకీగా నిలవదని ఫుఖహాలు చెప్పారు. అందుకే నెలకు ఎంతో ముందే మాట్లాడుకుని రాసుకోవాలి. తన పోషణలో ఉన్నవారిని గాలికి వదిలేయడమే మనిషికి చాలినంత పాపమని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. హజ్రత్ ఉమర్ (రజి) తమ పాలనలో భార్యలకు దూరంగా ఉన్న సైనికుల గురించి సేనానులకు ఉత్తరం రాశారు. వారు ఖర్చు పంపాలి, లేదా విడాకులివ్వాలి, విడాకులిస్తే గడచిన కాలపు ఖర్చు కూడా పంపాలి అన్నది ఆ ఆదేశం. జిహాద్‌కు వెళ్ళినవారికే మినహాయింపు లేనప్పుడు డాలర్ల కోసం వెళ్ళినవారికి ఎక్కడిది?

మూడవది వీసా ఫీజు, టికెట్టు, వకీలు ఖర్చు. భార్యను తన దగ్గరకు తెచ్చుకోవడం భర్త పని, ఆ ఖర్చూ అతనిదే. “వీసా ఖర్చులకు అయిదు లక్షలు ఇవ్వండి” అని అమ్మాయి తండ్రిని అడగడం పేరు మార్చుకున్న కట్నమే. షరతు పెట్టి అలా తీసుకునేదాన్ని మన ఫుఖహాలు లంచమన్నారు. అది తిరిగి ఇచ్చేయవలసిన సొమ్ము.

నాలుగవది డబ్బు పంపే దారి. హుండీ, హవాలా తొందరగా చేరుస్తాయని కొందరు వాటిని ఆశ్రయిస్తారు. చట్టం ఒప్పని ఆ దారిలో డబ్బు పోతే అడిగే దిక్కుండదు. పైగా భర్త ఖర్చు పంపుతున్నాడనడానికి రుజువూ మిగలదు. బ్యాంకు ద్వారా, భార్య సొంత ఖాతాకే పంపండి. నిసా సూరా 32వ ఆయతు పురుషుల సంపాదన పురుషులదనీ, స్త్రీల సంపాదన స్త్రీలదనీ స్పష్టం చేసింది. విదేశానికి వెళ్ళి భార్య ఉద్యోగం చేస్తే ఆ జీతం ఆమెది. ఇష్టంతో ఇస్తే పుణ్యం, బలవంతంగా లాక్కుంటే అన్యాయం.

సంతకం చేస్తే మాట ఇచ్చినట్లే

ఈ దేశాలన్నీ పిలిపించుకునే వ్యక్తిని జామీను అడుగుతాయి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి భార్యకు కొత్తగా వీసా కోరేవారు ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం చూపించవలసి వచ్చింది. అమెరికాలో భర్త ఐ-864 అనే పత్రం మీద సంతకం చేస్తాడు. సాధారణంగా అక్కడి పేదరికపు రేఖకు 125 శాతం స్థాయి ఆదాయం చూపించి, ఆ స్థాయిలో భార్యను పోషిస్తానని ప్రభుత్వానికి మాట ఇస్తాడు. విడాకులైనా ఆ బాధ్యత పోదు. ఆమె పౌరసత్వం పొందేవరకో, సుమారు పదేళ్ళ పని లెక్క పూర్తయ్యేవరకో అది ఉంటుంది. ఆదాయం చాలక స్నేహితుణ్ణి జామీనుగా పెడితే అతని మీదా అదే భారం. ఒప్పందాలను నెరవేర్చమని మాయిదా సూరా తొలి ఆయతులోనే అల్లాహ్ ఆజ్ఞాపించాడు. చదవకుండా సంతకం చేయకండి, చేశాక తప్పించుకోజూడకండి.

సోదరీమణులు కూడా ఒక సంగతి తెలుసుకోవాలి. పెళ్ళయి రెండేళ్ళు నిండకముందే అమెరికా చేరిన భార్యకు మొదట రెండేళ్ళ షరతు కార్డు ఇస్తారు. దాన్ని చూపించి, “నా సంతకం లేకపోతే నిన్ను పంపించేస్తారు” అని బెదిరించే భర్తలు ఉన్నారు. హింసకు గురైన భార్య భర్త సంతకం లేకుండానే దరఖాస్తు చేసుకునే వీలు ఆ చట్టంలోనే ఉంది. సబర్ అంటే దెబ్బలు తింటూ నోరు మూసుకోవడం కాదు.

విదేశీ కోడలు, అల్లుడు మన ఇంటికి వస్తే

ఇక్కడి బాధ్యత మనది. భారతీయుల జీవిత భాగస్వాములకు ఎక్స్ కోవ వీసా ఉంది. 180 రోజులకు మించిన వీసా మీద వచ్చినవారు సాధారణంగా 14 రోజుల్లో ఎఫ్.ఆర్.ఆర్.ఓ. వద్ద నమోదు కావాలి. రిజిస్టరైన వివాహం రెండేళ్ళు కొనసాగితే ఓసీఐ కార్డుకు దరఖాస్తు చేయవచ్చు. అయితే పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూలాలున్న వారికి ఈ వీలు లేదు. పౌరసత్వానికి ఏడేళ్ళ నివాసం అవసరం. 2025 సెప్టెంబరు 1 నుంచి విదేశీయులకు సంబంధించిన పాత చట్టాల స్థానంలో కొత్త చట్టం వచ్చింది. కనుక పాత సలహాలను నమ్మి గడువు దాటనివ్వకండి. భాష రాని ఆ అమ్మాయికి కాగితాల పని మనమే దగ్గరుండి చేయించడం కూడా ఆతిథ్యమే.

అబద్ధపు పునాది

జీతం ఎక్కువ చూపించే దొంగ కాగితాలు, వీసా కోసం ఉత్తుత్తి పెళ్ళి, లాభం కోసం ‘కాగితం మీద’ తలాఖ్, ఇవన్నీ నిప్పుతో చెలగాటమే. నికాహ్, తలాఖ్, రుజూ ఈ మూడింటిలో పరిహాసం కూడా నిజంగానే పరిగణించబడుతుందని హదీసు ఉంది. కాగితం మీదేగా అనుకుని తలాఖ్ రాసినవాడు వెంటనే ముఫ్తీని ఆశ్రయించాలి. మోసగించేవాడు మనవాడు కాడని దైవప్రవక్త (సఅసం) చెప్పినప్పుడు ముస్లింలను మాత్రమే మోసగించవద్దని అనలేదు. పరాయి ప్రభుత్వంతో చెప్పినా అబద్ధం అబద్ధమే.

ఆ తండ్రికి మా జవాబు

“భాయ్, మీ అమ్మాయి నికాహ్ నాలుగేళ్ళ క్రితమే అయింది. అది నిజమైన నికాహ్. కొత్త తారీఖు వేస్తే ఖాజీ, ఇద్దరు సాక్షులు, మీరు, నలుగురూ అబద్ధపు సాక్ష్యం చెప్పినవారవుతారు. రేపు ఆ తారీఖు తప్పని తేలితే నష్టపోయేది మీ అమ్మాయే. ఒక అబద్ధాన్ని కప్పడానికి ఆమెను అడ్డం పెట్టకండి. అబ్బాయి అక్కడి మంచి ఇమిగ్రేషన్ వకీలు దగ్గర జరిగింది జరిగినట్లు చెప్పి దారి వెతకాలి. దానివల్ల కష్టం రావచ్చు. అది అతను చేసుకున్నది. ఇక నెలకు పదివేలని పెద్దల ఎదుట ఒప్పుకున్నారు కనుక, ఆగిపోయిన నలభై నెలల నాలుగు లక్షలు అతని మీద బాకీ. ముందు అది అడగండి. అతను పిలుచుకోలేక, పోషించక, వదలక ఊగిసలాడుతుంటే దారుల్ ఖజాకు వెళ్ళండి. నిసా సూరా 129వ ఆయతు ప్రకారం భార్యను నడిమధ్యన వేలాడదీసే హక్కు ఏ భర్తకూ లేదు.”

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “రిజిస్ట్రేషన్ వద్దన్న రోజునే నేను లేచి రావలసింది మౌలానా. అమెరికా అనేసరికి నోరు రాలేదు” అన్నారు.

ఆ మాటను ఆడపిల్లల తండ్రులందరూ మనసులో ఉంచుకోవాలి. ఇటీవల ఆయన మళ్ళీ కనిపించారు. బాకీలో కొంత బ్యాంకు ద్వారా అమ్మాయి ఖాతాకు వచ్చిందట. అబ్బాయి వకీలును కలిశాడట. ఏమవుతుందో అల్లాహ్‌కే ఎరుక. కొత్త తారీఖు నికాహ్ మాత్రం ఎవరూ చదివించలేదు.

ఓ అల్లాహ్! మా సంబంధాలను సత్యం మీద నిలబెట్టు. మా కలాలను, సంతకాలను అబద్ధం నుంచి కాపాడు. దూరదేశాల్లో ఉన్న భర్తల హృదయాల్లో నీ భయాన్నీ, భార్యల పట్ల దయనూ నింపు. ఎదురుచూస్తున్న మా కుమార్తెలకు నీ సన్నిధి నుంచి దారి చూపు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!