మెలితే తీరమున మూడు నెలలు

ప్రయాణము మధ్యలో నిలిచిపోయినవాడు కలతచెందుట అవిశ్వాసమా? రైలు రద్దయి ప్లాట్‌ఫారముమీద పెట్టెలతో కూర్చుండినవానితో, విమానాశ్రయములో రెండవ రాత్రి గడుపుచున్న తల్లితో, ఇది దేవుని చిత్తము, ఓర్చుకొనుడని మనము సులువుగా పలుకుదుము. పలుకువాడు సాధారణముగా తన యింట కూర్చుండి పలుకును.

అపొస్తలుల కార్యముల గ్రంథము 27వ అధ్యాయమును వ్రాసిన లూకా ఆ ఓడలో ఉన్నవాడు. అనేక దినములు సూర్యుడుగాని నక్షత్రములుగాని కానరాక, బ్రదుకుదుమను ఆశ అడుగంటినదని చెప్పునప్పుడు అతడు తన్ను కూడ ఆ లెక్కలో చేర్చుకొనుచున్నాడు. పౌలు సైతము, క్రేతు విడువవద్దన్న తన సలహా వినియుండవలసినదని వారికి గుర్తుచేయక మానలేదు. (మన ప్రసంగికులు ఈ మాటను తరచు దాటిపోవుదురు. నాకు మాత్రము అది ప్రియమైనది.)

కాబట్టి కలత పాపము కాదు. అయితే కలతలో ఉన్నవానికి ప్రక్కనున్న మనిషి ఏమగుచున్నాడు? నావికులు లంగరులు వేయు నెపమున చిన్న పడవ దింపి పారిపోజూచిరి. ఖైదీలు ఈదుకొని తప్పించుకొందురేమోయని సైనికులు వారిని చంపదలచిరి. భయపడిన మనస్సునకు తక్కినవారందరు అడ్డముగానే తోచుదురు. పౌలు పదునాలుగవ దినమున అందరి యెదుట దేవునికి కృతజ్ఞత చెల్లించి, రొట్టె విరిచి తిన మొదలుపెట్టెను. ఓడలోని 276 మందియు తినిరి. ప్రాణములు దక్కునను వాగ్దానమును అతడు వారికి తెలిపియుండెను గాని, ఆ గాలి యెందుకు వీచెనో వివరింపలేదు.

నిలిచిపోవుటలన్నియు ఒకటి కావు. 2020 మార్చిలో దేశమంతట రాకపోకలు స్తంభించినప్పుడు, శ్రీకాకుళము, విజయనగరము తీరములనుండి గుజరాతులోని వేరావల్ రేవునకు వేటకు వెళ్లిన వేలాది మత్స్యకారులు అచ్చటనే చిక్కుకొనిరి. అనేకులు వారములతరబడి పడవలలోనే కాలము గడిపి, పిమ్మట బస్సులమీద ఇండ్లు చేరిరి. పెండ్లికి ఒక పూట ఆలస్యమైన మన చిరాకును వారి దిగులుతో ఒకే త్రాసున తూచరాదు. వారికి ముందు కావలసినది బియ్యము, ఇంటినుండి ఒక మాట. దేవుని ఉద్దేశములనుగూర్చిన వ్యాఖ్యానము తరువాతి సంగతి.

మెలితేలోను, అనగా నేటి మాల్టాలోను, వరుస అదే. వానలో, చలిలో తీరము చేరిన పౌలు చితుకులేరి నిప్పుమీద వేసెను. అక్కడ ఉన్న మూడు నెలలలో అతడు ప్రసంగించినట్లు లూకా వ్రాయలేదు. జ్వరముతో, రక్తభేదితో పడియున్న పొప్లి తండ్రికొరకు ప్రార్థించి స్వస్థపరచెననియు, తక్కిన రోగులు కూడ వచ్చి బాగుపడిరనియు మాత్రము వ్రాసెను.

భాషాంతరము చేయువానిని ఇచ్చట ఒక మాట ఆపివేయును. తడిసి వణకుచున్నవారికి ద్వీపవాసులు చూపిన ఆదరణను లూకా ఫిలాంత్రోపియ, అనగా మానవప్రేమ, అను గ్రీకు పదముతో చెప్పెను. ఈ నామవాచకము క్రొత్త నిబంధనలో రెండే చోట్ల కలదు. రెండవ చోటు తీతు పత్రిక 3వ అధ్యాయము 4వ వచనము. అక్కడ అది మన రక్షకుడైన దేవుని ప్రేమ. తెలుగు బైబిలులో రెంటికిని వేర్వేరు మాటలుండుటచేత ఈ చుట్టరికము మనకు కానరాదు. సువార్త వినని, గ్రీకు పలుకని ప్రజల చేతి మంటకు ఆ పేరు పెట్టుటకు లూకా వెనుదీయలేదు. ఇచ్చుటకు అలవాటుపడిన విశ్వాసికి, పరాయివాని యింట చేయిచాచి పుచ్చుకొనుట బహు కష్టము. దారి తప్పిన దినమున అంతకంటె వేరు గతి లేదు.

శీతకాలము గడచినపిమ్మట ద్వీపవాసులు కావలసిన సామగ్రి తెచ్చి ఓడలో ఉంచిరి. అది జంట దేవతల చిహ్నముగల అలెక్సంద్రియ ఓడ. లూకా ఆ సంగతిని ఆక్షేపణ లేక పేర్కొని ముందుకు సాగెను. రోమా చేరినను పౌలునకు విడుదల కలుగలేదు. రెండు సంవత్సరములు అద్దె యింట ఉండి, తన్ను చూడవచ్చినవారినెల్ల చేర్చుకొనుచుండెను.