నాలుగు వందల మంది అవునన్నారు

మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే మాట ఒకటుంది. ధాత కరువు రోజుల్లో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని మాదిగపల్లెల జనానికి కూలి దొరికేలా చేశాడు. మా పెద్దలు ఆ కాలువ మట్టి మోసినవాళ్ళే. పని దగ్గరే వాక్యం విన్నారు, బాప్తిస్మం ఇమ్మని అడిగారు. దొర ఇవ్వలేదు. కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఎవరికీ ఇవ్వలేదు. సాయం ఆగిపోయి, ఆయన చేతిలో ఇక పంచడానికేమీ లేదని ఊరూరా తెలిశాక కూడా జనం వస్తూనే ఉంటే, అప్పుడు నీళ్ళలోకి దింపాడు. 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. మా నాయనమ్మ ఆ అంకె గొప్పగా చెప్పుకునేది కాదు. అంతకుముందు దొర ఆగిన సంగతే గొప్పగా చెప్పుకునేది. గింజల కోసం దేవుణ్ణి ఒప్పుకున్నారన్న మాట మనకు రాకూడదని ఆగాడమ్మా, అనేది.

లాభాన్నీ విశ్వాసాన్నీ ఒకే చేత్తో పంచకూడదన్న ఆ పాఠం నేర్పిన దొర దేశంలోనే నేను బతుకుతున్నాను. నెల్లూరు మిషన్ ఆసుపత్రిలో నర్సింగు నేర్చుకుని, టెక్సస్‌కు వచ్చి, డాలస్ చుట్టుపక్కల ప్రసూతి వార్డుల్లో పనిచేసి, 2023లో రిటైరయ్యాను. మా తెలుగు సంఘానికి సొంత హాలు లేదు. ఒక తెల్లవాళ్ళ బాప్టిస్టు సంఘం హాలులో ఆదివారం మధ్యాహ్నం ఆరాధన చేసుకుంటాం. పొద్దున ఆరాధన ముగించుకుని వాళ్ళు వెళ్ళేసరికి గుమ్మం పక్క బల్లమీద సండే స్కూలు పుస్తకాలు, కాఫీ కప్పులు ఉంటాయి. ఎన్నికల ఏడాదిలో ఓటర్ గైడ్లు కూడా ఉంటాయి. ఫలానా అభ్యర్థికి ఓటెయ్యమని వాటిలో ఎక్కడా రాయరు. ఇద్దరి పేర్లూ పక్కపక్కన వేసి, కింద గర్భస్రావం, స్వలింగ వివాహం, స్కూల్లో ప్రార్థన అని వరస పెట్టి, ఒకరి కింద ‘అనుకూలం’, ఇంకొకరి కింద ‘వ్యతిరేకం’ అని పెడతారు. చదివినవాళ్ళకు చెప్పాల్సింది చెప్పినట్టే. పేదలూ, వలసవచ్చినవాళ్ళూ, యుద్ధమూ ఆ వరసలో నాకెప్పుడూ కనబడలేదు.

మా వీధిలో ఉండే గుంటూరు ఆయన ఒకరు తరచూ అంటుంటారు: “మీ క్రైస్తవులంతా ట్రంప్‌కే కదండీ, సిస్టర్ గారూ?” పూర్తి తప్పూ కాదు, పూర్తి నిజమూ కాదు. ప్యూ సర్వే సంస్థ లెక్క ప్రకారం 2020లో తెల్లజాతి ఎవాంజెలికల్ ఓటర్లలో 84 శాతం ట్రంప్‌కు వేశారు. అదే లెక్కలో నల్లజాతి ప్రొటెస్టెంట్లు 91 శాతం బైడెన్‌కు వేశారు. ఇద్దరి చేతుల్లోనూ ఒకటే బైబిలు. ఇద్దరూ మునిగే బాప్తిస్మమూ ఒకటే, మందిరాల్లో పాడే పాటల్లో సగం ఒకటే. గర్భస్రావం విషయంలో మనసుకు నొచ్చుకునే అమ్మలు నల్లవాళ్ళ మందిరాల్లోనూ కోకొల్లలు. నేను వాళ్ళతో రాత్రి డ్యూటీలు చేశాను, నాకు తెలుసు. కాబట్టి ఓటును తీర్చేది వాక్యమొక్కటే కాదు. ఆ వాక్యం ఏ చరిత్రలోంచి నడిచివచ్చిందన్నది కూడా.

ఆ చరిత్ర నా పక్క బెంచీలవాళ్ళలో చాలామందికి తెలియదు. 1845లో సదరన్ బాప్టిస్టులు విడిపోయింది బానిసల యజమాని మిషనరీ కావచ్చా అన్న తగువుమీద. మా ఒంగోలుకొచ్చిన దొరలు ఉత్తరాదివాళ్ళు. గర్భస్రావమే మొదటినుంచీ తెల్లజాతి ఎవాంజెలికల్స్‌ను రాజకీయాల్లోకి లాగిందనుకుంటే అదీ సరికాదు. 1971లో సెయింట్ లూయిస్‌లో కూడిన సదరన్ బాప్టిస్టు సభ అత్యాచారం, బిడ్డకు తీవ్రమైన అవలక్షణం, తల్లి శారీరక, మానసిక ఆరోగ్యానికి ముప్పు వంటి సందర్భాల్లో గర్భస్రావానికి వీలిచ్చే చట్టాలు రావాలని తీర్మానించింది. 1973లో గర్భస్రావాన్ని దేశమంతటా హక్కుగా గుర్తించిన సుప్రీంకోర్టు రో తీర్పు వచ్చినప్పుడు డాలస్ ఫస్ట్ బాప్టిస్టు పాస్టర్ డబ్ల్యు.ఎ. క్రిస్వెల్ అంతటివాడు కూడా, బిడ్డ పుట్టి తల్లినుంచి వేరయ్యాకే ఒక వ్యక్తి అని తనకెప్పుడూ అనిపించేదన్నాడు. ఆ తర్వాత ఆయన మారాడు, 1980 నాటికి సభా మారింది.

మధ్యలో ఏమైంది? చరిత్రకారుడు రాండల్ బాల్మర్ చెప్పేదేమిటంటే, అసలు నిప్పు రాజుకున్నది బడుల దగ్గర. జాతివివక్ష పాటించిన బాబ్ జోన్స్ యూనివర్సిటీకి 1976లో పన్ను మినహాయింపు పోయింది. తెల్లపిల్లల క్రైస్తవ బడులకూ అదే గతి పడుతుందన్న భయం పాస్టర్లను కదిలించింది. గర్భస్రావం వెనకొచ్చి ముందు కూర్చుంది. ఈ వాదాన్ని అందరూ ఒప్పుకోరు. కానీ పాస్టర్ జెర్రీ ఫాల్‌వెల్ విషయంలో వాదన అక్కర్లేదు. 1965లో నల్లవాళ్ళ పౌరహక్కుల ఊరేగింపులను తప్పుపడుతూ, పాస్టర్ల పిలుపు ఆత్మల్ని రక్షించడానికే గానీ రాజకీయాలకు కాదని ప్రసంగించినవాడే, 1979లో మోరల్ మెజారిటీ అనే సంస్థ పెట్టి ఓటర్లను నమోదు చేయించాడు.

1980 ఆగస్టులో ఇదే డాలస్‌లో, రీయూనియన్ అరీనాలో వేలమంది పాస్టర్లూ విశ్వాసులూ కూడారు. రోనాల్డ్ రీగన్ వచ్చి, మీరు నన్ను బలపరచలేరని నాకు తెలుసు, నేను మాత్రం మిమ్మల్ని బలపరుస్తున్నానన్నాడు. హాలు దద్దరిల్లింది. ఆ ఎన్నికల్లో ఆయనకు ఎదురుగా నిలబడ్డది సండే స్కూల్లో పాఠం చెప్పే బాప్టిస్టు జిమ్మీ కార్టర్. ఒకే భార్యతో కాపురం, తిరిగి జన్మించానని బాహాటంగా చెప్పుకున్నవాడు. రీగన్ విడాకులు తీసుకుని మళ్ళీ పెళ్ళాడినవాడు. కాలిఫోర్నియా గవర్నరుగా 1967లో గర్భస్రావ నిబంధనలు సడలించే చట్టంమీద సంతకం పెట్టినవాడు. తూచినది సాక్ష్యమైతే కార్టరే గెలవాలి. ఆ రోజు సంఘం చేతిలో ఉన్న తక్కెడ వేరు.

ఇక్కడ వాళ్ళను వెక్కిరించడం తేలిక. నేనా పని చెయ్యను. కడుపులో బిడ్డ దేవుడి సొత్తని నేనూ నమ్ముతాను. నా నమ్మకాన్ని ఇంట్లో వదిలేసి ఓటుకు వెళ్ళమంటే నావల్ల కాదు. పైగా వాళ్ళు పడ్డ కష్టం చిన్నది కాదు. 1989లో టీవీ ప్రసంగీకుడు పాట్ రాబర్ట్‌సన్ మొదలుపెట్టిన క్రిస్టియన్ కొయలిషన్, జనం పట్టించుకోని చిన్న ఎన్నికల విలువ కనిపెట్టింది. స్కూల్ బోర్డులకూ, పార్టీ అభ్యర్థిని ఎంచే ప్రైమరీలకూ ఓటేసేవాళ్ళే కొద్దిమంది. వారంవారం ఒకచోట కూడే జనం, ఫోను నంబర్ల జాబితా, మనిషిని తీసుకెళ్ళడానికి మందిరం వ్యాను ఉన్నవాళ్ళకు అక్కడ ఎదురేముంది? 2016లో ట్రంప్ తాను సుప్రీంకోర్టుకు పంపబోయేవాళ్ళ జాబితానే ముందుగా అచ్చువేసి చేతికిచ్చాడు. గెలిచి ముగ్గుర్ని నియమించాడు. 2022 జూన్ 24న రో తీర్పు పోయింది. నలభై ఏళ్ళకు పైగా ఓపికపట్టి అడిగింది సాధించుకున్నారు. అమెరికా జనాభాలో తెల్లజాతి ఎవాంజెలికల్స్ వాటా 2006లో 23 శాతం, 2020కి 14.5. తగ్గిపోతూ కూడా ఇంత సాధించారంటే గంపగుత్తగా వేసే ఓటు బలం అది. ఓటు బ్యాంకు అంటే ఏమిటో తెలుగువాళ్ళకు నేను విడమరచి చెప్పక్కర్లేదు.

కానీ ఓటు బ్యాంకులో దాచినవాడికి ఒక చిక్కుంది. డబ్బు తీసేస్తానని బెదిరించలేనివాడి మాట ఏ బ్యాంకూ వినదు. ‘మీకు వేరే దిక్కు లేదు’ అని నాయకుడికి తెలిసిన రోజు, సంఘానికి ఆయనను మందలించే నోరు పోతుంది. 1998లో, అధ్యక్షుడు క్లింటన్ లైంగిక కుంభకోణం గొడవ నడుస్తున్నప్పుడు, సదరన్ బాప్టిస్టు సభ నాయకుల శీలం గురించి తీర్మానం చేసింది. పాలకుల తప్పుల్ని సహిస్తే జాతి మనస్సాక్షి మొద్దుబారుతుందని చెప్పింది. మంచి మాట. పి.ఆర్.ఆర్.ఐ. సర్వే సంస్థ 2011లో ఒక ప్రశ్న అడిగింది: సొంత జీవితంలో నీతి తప్పిన మనిషి పదవిలో నీతిగా ఉండగలడా? తెల్లజాతి ఎవాంజెలికల్స్‌లో 30 శాతం ఉండగలడన్నారు. అదే ప్రశ్నకు 2016లో 72 శాతం ఉండగలడన్నారు. అయిదేళ్ళలో బైబిలు మారలేదు. అభ్యర్థి మారాడు.

ట్రంప్‌ను కోరెషు రాజుతో పోల్చిన ప్రసంగాలు నేను విన్నాను. దేవుణ్ణి ఎరగని రాజును కూడా దేవుడు వాడుకున్నాడు గదా అంటారు. నిజమే. కానీ కోరెషు తప్పుల్ని ఒప్పులని చెప్పే బాధ్యత యెషయా ప్రవక్త ఎత్తుకోలేదు. నాకు గుర్తొచ్చేది రాజుల గ్రంథంలోని మీకాయా ప్రవక్త. ఇశ్రాయేలు రాజు అహాబు యుద్ధానికి వెళ్ళాలనుకున్నాడు. నాలుగు వందల మంది ప్రవక్తలు వెళ్ళు, గెలుస్తావన్నారు. మీకాయాను పిలవడానికి వెళ్ళిన దూత దారిలో బుద్ధి చెప్పాడు: అందరూ ఒకటే మాట అన్నారు, నువ్వూ అదే అనెయ్యి. మీకాయా అనలేదు. చెంపదెబ్బ తిని చెరసాలకు వెళ్ళాడు. అహాబు యుద్ధంలో చచ్చాడు. ఆ నాలుగు వందల మందీ అన్యదేవతల పేరెత్తలేదు, యెహోవా పేరు మీదే మాట్లాడారు. అందుకే నాకా కథ అంటే భయం.

వార్డులో ఆ భయం కళ్ళారా చూశాను. నాలుగున్నర నెలల గర్భిణికి ఉమ్మనీరు పోయింది. బిడ్డ బతికే దారి లేదు, గుండె మాత్రం కొట్టుకుంటోంది. కొత్త టెక్సస్ చట్టం కింద తప్పు తేలితే డాక్టరుకు యావజ్జీవం దాకా పడొచ్చు. మా డాక్టరమ్మ ఆదివారం తప్పకుండా మందిరానికి వెళ్ళే మనిషి, గర్భస్రావానికి గట్టి వ్యతిరేకి. ఆవిడే లాయరు ఫోను కోసం కూర్చుంది. నేను గంటగంటకీ జ్వరం చూస్తూ కూర్చున్నాను. తల్లి బతికింది. అంత దూరం రాకుండానే బతకాల్సింది. అలాంటప్పుడు డాక్టరుకు కొంత రక్షణ ఇచ్చే సవరణ 2023లో గానీ రాలేదు; డాక్టర్లు ఏం చెయ్యొచ్చో విడమరిచేది 2025లో గానీ రాలేదు. గెలిచినవాళ్ళే ‘మేం అడిగింది ఇది కాదు, దిద్దండి’ అని ఆస్టిన్‌లో శాసనసభ తలుపు మొదటి నెలలోనే తట్టి ఉంటే? ఆ శాసనసభ్యులు వాళ్ళ ఓట్లతో గెలిచినవాళ్ళే. గెలుపులో తప్పుందని చెబితే ఎదుటిపార్టీకి ఊతమిచ్చినట్టవుతుందని నోళ్ళు లేవలేదు.

పాత బాప్టిస్టులు ఇలా ఉండేవాళ్ళు కారు. 1651లో బోస్టన్‌లో ఒబదయా హోమ్స్‌ను కొరడాలతో కొట్టించింది సాటి క్రైస్తవుల ప్రభుత్వమే. ఆ దెబ్బలు గుర్తున్నవాళ్ళు కాబట్టే, ప్రభుత్వం మతం జోలికి రాకూడదని డాన్‌బరీ బాప్టిస్టులు అధ్యక్షుడు జెఫర్సన్‌కు రాసుకున్నారు. మతానికీ రాజ్యానికీ మధ్య గోడ అన్న మాట 1802 జనవరి 1న ఆయన వాళ్ళకిచ్చిన జవాబులోది. అదే రోజు జాన్ లీలండ్ అనే బాప్టిస్టు పాస్టర్ 1,235 పౌండ్ల జున్నుగడ్డను జెఫర్సన్‌కు కానుకగా అప్పగించాడు. లీలండ్ పార్టీ మనిషే, దాచుకోలేదు. కానీ అతను అడిగింది తన మతానికి పెత్తనం కాదు, అందరి మనస్సాక్షికీ స్వేచ్ఛ. ఇప్పుడు టెక్సస్‌లో 2025 చట్టం ప్రభుత్వ బడుల్లో ప్రతి తరగతి గదిలో పది ఆజ్ఞలు వేలాడదీయమంటుంది. వెంటనే అది కోర్టుకెక్కింది. గుంటూరు ఆయన మనవడు ఇంట్లో వినాయకుడికి దణ్ణం పెట్టుకుని బడికి వెళ్ళి, వేరే దేవుడు ఉండకూడదన్న ఆజ్ఞ కింద కూర్చోవాలి. చట్టం వేలాడదీసిన ఆజ్ఞ ఆ పిల్లాడి మనసులో భక్తి పుట్టిస్తుందని నేను నమ్మను. నా దేవుడి గురించి ఆ పిల్లాడికి ప్రభుత్వం చేత చెప్పించడం నాకు సిగ్గు.

అయితే సంఘం నోరు మూసుకోవాలా? అక్కర్లేదు. మార్టిన్ లూథర్ కింగ్ కూడా బాప్టిస్టు పాస్టరే. అధ్యక్షుడు జాన్సన్ 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కు చట్టం ఇచ్చాడు. ఆ తరంలో నల్లవాళ్ళ సంఘాలకు అంతకంటే మేలు చేసిన అధ్యక్షుడు లేడు. అయినా 1967 ఏప్రిల్ 4న న్యూయార్క్ రివర్‌సైడ్ మందిరంలో కింగ్ వియత్నాం యుద్ధం తప్పని ఆ అధ్యక్షుణ్ణే నిలదీశాడు. సొంతవాళ్ళే తిట్టారు, పత్రికలు తిట్టాయి. మేలుచేసిన రాజుకు కూడా కాదని చెప్పగలిగిన నోరది.

మేముండే హాలు పాస్టర్ గారు మంచి మనిషి. ఒకసారి తాళాలిస్తుంటే అడిగేశాను, మీరు గెలిపించినవాళ్ళకు తప్పని చివరిసారి ఎప్పుడు చెప్పారని. ఆయన కోప్పడలేదు. శరణార్థుల్ని ఆదరించమని ఒక ఆదివారం ప్రసంగిస్తే రెండు కుటుంబాలు వేరే సంఘానికి వెళ్ళిపోయాయని, మళ్ళీ ఆ విషయం ఎత్తలేదని చెప్పారు. ఆ వెళ్ళిపోయినవాళ్ళు వాక్యానికి తేడా వచ్చిందని వెళ్ళలేదు, పార్టీకి తేడా వచ్చిందని వెళ్ళారు. సంఘం రాజకీయాల్ని మార్చిందని అందరూ అంటారు. నాకు కనబడుతున్నది ఇంకోటి: పాస్టరు ఏం ప్రసంగించాలో ఇప్పుడు పార్టీ తేలుస్తోంది. న్యాయమూర్తుల్ని గెలుచుకున్న సంఘం సొంత ప్రసంగపీఠాన్ని పోగొట్టుకుంది. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఏ ఎన్నికా గెలవనక్కర్లేదు. వెళ్ళిపోయే కుటుంబాలను వెళ్ళనిచ్చే ధైర్యం ఉంటే చాలు.