స్త్రీల మాట – వినువారి చెవి

ధ్యాన భాగములు: లూకా 24:1–12, 33–35, సంఖ్యాకాండము 27:1–11



ఆదివారము తెల్లవారుజామున సమాధియొద్దకు వెళ్లిన స్త్రీలు తాము చూచినదానిని, వినినదానిని వచ్చి పదునొకండుగురు శిష్యులకు తెలియజేసిరి. మగ్దలేనే మరియ, యోహన్న, యాకోబు తల్లియైన మరియ అని లూకా వారి పేర్లు సహితము వ్రాసిపెట్టెను. అంతకంటె గొప్ప వార్త లోకమునకు రాలేదు. అయినను అపొస్తలులకు అది పొసగని కబురుగా తోచెను, వారు నమ్మలేదు.

ఆ పదునొకండుగురు చెడ్డవారు కారు. ఆ స్త్రీలు గలిలయనుండి తమతో నడిచినవారే; వారిలో యోహన్న తన కలిగినదానితో పరిచర్య చేసినదని లూకా 8వ అధ్యాయములోనే ఉన్నది. చనిపోయినవాడు లేచెనన్న మాట ఎవరు చెప్పినను నమ్మరు గదా, తోమా పురుషుల మాటను కూడ నమ్మలేదు గదా అని ఎవరైనను అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని అదే అధ్యాయమును చివరివరకు చదువుడి. ఆ సాయంకాలమే ఆ శిష్యులు, ప్రభువు నిజముగా లేచెను, సీమోనునకు కనబడెను అని చెప్పుకొనుచున్నారు. ఉదయమున వచ్చిన వార్తయు ఇదే. సాయంకాలమున సీమోను పేరు దానికి తోడాయెను.

పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడెల్ల మన ఊళ్లలో ఈ చెవియే పని చేయుచున్నది గనుక ఈ సంగతి వ్రాయుచున్నాను. ఫలానా పార్టీకి వేయుడి, ఫలానా మనిషికి వేయుడి అని చెప్పుట ఈ పత్రిక పని కాదు. స్త్రీ అభ్యర్థియై నిలిచినప్పుడు మనము ఆమె మాటను ఎట్లు వినుచున్నామో, దానినిబట్టి ఆమె గెలుపోటములు మారునో మారవో, అంతవరకే నా విచారణ.

పశ్చిమ బెంగాలులో బీర్భూమ్ అను జిల్లా కలదు. 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణనుబట్టి, అక్కడ 1998 నుండి గ్రామ పంచాయతీ అధ్యక్ష పదవులలో మూడవ వంతు స్త్రీలకు కేటాయింపబడెను. ఏ పంచాయతీ అన్నది ఒకరి ఇష్టమునుబట్టి గాక, చీట్లు వేసినట్లుగా నిర్ణయమగుచు వచ్చెను. అందుచేత స్త్రీ పరిపాలనను చూచిన ఊళ్లను, చూడని ఊళ్లను ప్రక్కప్రక్కన పెట్టి సరిపోల్చుటకు వీలు కలిగెను. లోరీ బీమన్, ఎస్తేర్ డుఫ్లో మొదలైన ఆర్థికశాస్త్రజ్ఞులు ఆ పని చేసి 2009లో ప్రచురించిరి. (ఎస్తేరు అను పేరు మన చెవికి పరిచయమైనదే, ఈమెకు 2019లో నోబెల్ బహుమానము లభించినది.) వారు ఒక గ్రామ నాయకత్వపు ప్రసంగమును రికార్డు చేసి గ్రామస్థులకు వినిపించిరి. మాటలు మారలేదు. కొందరికి పురుషుని గొంతుతోను, కొందరికి స్త్రీ గొంతుతోను వినిపించి, ఈ నాయకత్వము ఎట్లున్నదని అడిగిరి.

ఎన్నడును స్త్రీ అధ్యక్షురాలిని ఎరుగని ఊళ్లలో పురుషులు స్త్రీ గొంతునకు తక్కువ విలువ కట్టిరి. మాట అదే, మెప్పు తగ్గినది. కేటాయింపువలన స్త్రీ పాలనను చూచియున్న ఊళ్లలో ఆ తేడా కనబడలేదు.

ఇంకొక సంగతి నాకు మరి ముఖ్యముగా తోచినది. ఆ ఊళ్లవారి ఇష్టము మారలేదు. నాయకుడుగా పురుషుడే ఉండిన బాగుండునను కోరిక అట్లే నిలిచియుండెను. మారినది తీర్పు. ఆమెకు చేతకాదన్న మాట పోయినది. ఇష్టము ఒకటి, న్యాయమైన తీర్పు ఒకటి అని మనకు ఎన్నిసార్లు బోధింపబడలేదు! కేటాయింపు వరుసగా రెండు ఎన్నికలలో వచ్చిన పంచాయతీలలో, ఆ తరువాత అందరికిని తెరచియున్న స్థానములకు సహితము ఎక్కువమంది స్త్రీలు నిలిచిరి, ఎక్కువమంది గెలిచిరి. కాబట్టి ఓటరు మనస్సు స్త్రీ గెలుపును అడ్డుకొనుననుట నిజమే. ఆ మనస్సు కన్నులార చూచినప్పుడు మారుననుటయు నిజమే.

అయితే మొట్టమొదట ఆ కుర్చీలో కూర్చున్న స్త్రీకి తగిన మెప్పు రాలేదు. మంచినీటి పనులకు స్త్రీ అధ్యక్షురాండ్రు ఎక్కువ ధనము వెచ్చించిరని 2004లో వచ్చిన మరియొక పరిశోధన అదే జిల్లానుగూర్చి చెప్పుచున్నది. నీళ్లు మోయు బాధ ఎవరికి తెలియునో వారు నీళ్లనుగూర్చి ఆలోచించిరి. అయినను మొదటి ఆమెను జనులు తక్కువగానే ఎంచిరి. విత్తినది ఆమె, కోసినది ఆమె తరువాత వచ్చినది.

ఇప్పుడు మన ఊళ్లకు వచ్చెదము. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో పంచాయతీ స్థానములు సగము స్త్రీలవే. కాని సర్పంచి గారు ఎవరండీ అని అడిగినయెడల అనేక చోట్ల ఆమె భర్తను చూపింతురు. న్యాయాధిపతులు 4వ అధ్యాయము తీసి చూడుడి. దెబోరా ఎఫ్రాయిము మన్యములో, రామాకును బేతేలునకును మధ్యనున్న ఖర్జూరపు చెట్టు క్రింద కూర్చుండుచుండెను. ఇశ్రాయేలీయులు తీర్పుకొరకు ఆమెయొద్దకు వెళ్లుచుండిరి. ఆమె భర్త లప్పీదోతు పేరు అక్కడ వ్రాయబడియున్నది. అతడు ఆ చెట్టు క్రింద కూర్చుండి ఆమెకు బదులుగా తీర్పు చెప్పినట్లు మాత్రము ఎక్కడను లేదు.

పెద్ద ఎన్నికలలో సంగతి కొంత వేరు. 2024 లోక్‌సభ ఎన్నికలలో నిలిచిన అభ్యర్థులలో స్త్రీలు నూటికి పదిమంది కూడ లేరు. గెలిచినవారు 543 మందిలో 74 మంది, అనగా నూటికి పదమూడుకంటె ఎక్కువ. పురుషులలో ఏ పార్టీయు లేక స్వతంత్రులుగా నిలిచి ఓడిపోవువారు చాలమంది గనుక ఈ లెక్కను మరీ సాగదీయరాదు. అయినను ఒకటి అర్థమగుచున్నది. జనులు స్త్రీకి ఓటు వేయరని చెప్పి టిక్కెట్టు ఇయ్యనివారు, ఓటరు నోరు తెరువకముందే అతనిమీద నేరము మోపుచున్నారు. ఓటరు చెవికంటె ముందు పెద్దల గుమ్మము అడ్డమైనది.

స్వతంత్ర భారతములో మొదటి సాధారణ ఎన్నికలు 1951–52లో జరిగినప్పుడు, ఓటర్ల జాబితానుండి దాదాపు 28 లక్షలమంది స్త్రీల పేర్లు తీసివేయవలసి వచ్చెను. వారు ఫలానావాని భార్యను, ఫలానావాని తల్లిని అని చెప్పిరే గాని తమ సొంత పేరు చెప్పలేదు. పేరు చెప్పుట మర్యాద కాదని వారికి నేర్పినవారు ఇంటివారే.

సెలోపెహాదు కుమార్తెల పేర్లు మహలా, నోయా, హోగ్లా, మిల్కా, తిర్సా. పరిశుద్ధ గ్రంథము ఆ ఐదు పేర్లను ఒక్కచోట కాదు, నాలుగు చోట్ల వరుసగా చెప్పుచున్నది. వారు ప్రత్యక్షపు గుడారపు ద్వారమున మోషే యెదుట, యాజకుని యెదుట, ప్రధానుల యెదుట, సర్వసమాజము యెదుట నిలిచి తమ తండ్రి స్వాస్థ్యమును అడిగిరి. మోషే తన తలంపును చెప్పక దేవునియొద్దకు తీసికొనిపోయెను. వారు పలికినది యుక్తమని దేవుడే తీర్పు చెప్పెను. అంతటితో భూమి చేతికి వచ్చెనా? లేదు. యెహోషువ 17వ అధ్యాయములో వారు మరల వచ్చి, ఆ ఆజ్ఞను జ్ఞాపకము చేసి అడుగవలసి వచ్చెను. అప్పుడు పొందిరి.

మన సంఘమును విడిచిపెట్టి ఊరినే విమర్శించుట న్యాయము కాదు. దక్షిణ ఇండియా సంఘము 1947లో ఏర్పడెను. అందులో ఒక స్త్రీ మొదటిసారి బిషప్పు అగుటకు 2013 వరకు పట్టెను. మన నంద్యాల డయోసీసులో పుష్పలలిత గారు ఆ బాధ్యతలో నిలిచిరి. ఇక గ్రామ సంఘములలో ఇంటింట పిడికెడు బియ్యము తీసి మందిరము నిలిపినది ఎవరు? ఆదివారము చాపలు నిండ కూర్చున్నది ఎవరు? కమిటీ పేర్లు చదువునప్పుడు ఆ పేర్లు ఎన్ని వినబడుచున్నవి? గుడిలో ఆమె మాట వినుటకు అలవాటుపడని చెవి, రచ్చబండయొద్ద హఠాత్తుగా ఎట్లు వినును?

పేతురు వెంటనే నమ్మెనని లూకా వ్రాయలేదు. కాని లేచి పరుగెత్తెను. వంగి సమాధిలోనికి చూచెను. నారబట్టలు మాత్రమే అతనికి కనబడెను. నమ్మకము కలుగకపోయినను వెళ్లి చూచుటకు కాళ్లున్నవి గదా. రాబోవు ఎన్నికలలో ఒక స్త్రీ చేతులు జోడించుకొని మీ వీధికి వచ్చినప్పుడు, పురుష అభ్యర్థిని అడుగు ప్రశ్నలే ఆమెను అడుగుడి: బోరు సంగతి, మురుగు కాలువ సంగతి, ముసలివారి పింఛను, మన సమాధుల తోటకు దారి. ఆమె జవాబు చెప్పుచుండగా ప్రక్కనున్న భర్త అందుకొనినయెడల, “అయ్యా, అమ్మగారిని చెప్పనియ్యండి” అని మర్యాదగా చెప్పి, ఆమె ముగించువరకు వినుడి.