తోటమాలి అడిగిన గడువు

పఠన భాగములు: లూకా 13:6-9, లేవీయకాండము 19:23-25, ఆదికాండము 2:15



కోతలు ముగిసి, కుప్పలు నూర్చి, ధాన్యము ఇల్లు చేరు దినములివి. కోతపండుగ ఆచరించి, ప్రథమఫలములను ప్రభువు సన్నిధిని ఉంచి, కృతజ్ఞతాస్తుతులు చెల్లించితిమి. ఇట్టి సమయమున ప్రభువు చెప్పిన ఒక చిన్న ఉపమానమును మీతో కూడ ధ్యానింపగోరుచున్నాము. ఇది పండిన చెట్టును గూర్చినది కాదు, పండని చెట్టును గూర్చినది.

ఒకని ద్రాక్షతోటలో ఒక అంజూరపు చెట్టు ఉండెను. మూడేండ్లు వరుసగా వచ్చి వెదకినను యజమానునికి ఒక్క పండైనను దొరకలేదు. భూమికి బరువుగా ఇది ఎందుకు, కొట్టివేయుమని ఆయన ఆజ్ఞాపించెను. అప్పుడు తోటమాలి చేతులు జోడించి ఇంకొక్క యేడు గడువు అడిగెను. చెట్టు చుట్టు త్రవ్వెదను, ఎరువు వేసెదను, ఆ తరువాత చూడుడని మనవి చేసెను.

ఈ ఉపమానమును మనము మారుమనస్సును గూర్చి బోధించుటకు వాడుదుము. అది సరియే, ప్రభువు ఉద్దేశమును అదియే. అయినను ఆయన దానిని పల్లెవారికి తెలిసిన పనిలోనుండి తీసి చెప్పెను. ఆ పనిని కూడ మనము నేర్చుకొనవలెను. తోటమాలి చేతిలో మూడు సంగతులు కనబడుచున్నవి: గునపము, గత్తము, గడువు.

మొదటిది గునపము.

తోటమాలి కొమ్మలను తిట్టలేదు. వేరుదగ్గర వంగెను. పంట లేకపోవుటకు కారణము పైన కాదు, క్రింద ఉన్నదని అతడెరుగును. మన మడులను మనమట్లు త్రవ్వి చూచి ఎంతకాలమైనది? పిడికెడు మట్టి తీసి, వానపాము ఉన్నదా, మట్టి వాసన ఉన్నదా, లేక ఇటుకవలె గట్టిపడినదా అని చూచువారు మనలో ఎందరు? పైరు పసుపుబారినచో మరునాడే దుకాణమునకు పోయి బస్తా తెచ్చుట మనకు వాడుకయైనది. ఆకు మరల పచ్చనగును. మన చింత తీరినదనుకొందుము.

ఆ బస్తా ఎక్కడనుండి వచ్చుచున్నది? విశాఖపట్టణమునకు పోయినవారు ఓడరేవును చూచియుందురు. 1933లో ఆ రేవు తెరవబడెను. 1967లో అదే పట్టణమున కోరమండల్ ఎరువుల కర్మాగారము పని ప్రారంభించెను. ఉక్కు కర్మాగారములో సహితము, బొగ్గును కోకుగా మార్చునప్పుడు వెలువడు వాయువునుండి అమ్మోనియం సల్ఫేటు తీయుదురు. భాస్వరపు రాయి, గంధకము, పొటాషు సముద్రము దాటి వచ్చును. పొటాషు దాదాపు అంతయు పరదేశములదే. కాబట్టి ఎక్కడనో యుద్ధము పుట్టినయెడల మన మడిలో ఖర్చు పెరుగును. 2022లో ఉక్రెయినులో యుద్ధము రేగిన తరువాత, 2022-23 సంవత్సరమున ఎరువుల ధర రైతుపై పడకుండ ఆపుటకు కేంద్రప్రభుత్వము ఇంచుమించు రెండున్నర లక్షల కోట్ల రూపాయలు వ్యయపరచెను.

మేము బస్తాను దూషించుట లేదు. 1965, 1966 కరవులలో మన దేశము అమెరికా గోధుమల ఓడలకొరకు కన్నులు కాయలు కాయునట్లు ఎదురుచూచెను. ఆ దినములు మరల రాకుండ చేసినవాటిలో ఎరువులును ఒకటి. అన్నము పెట్టినదానిని మరచుట కృతఘ్నత. గాని ఔషధమును అన్నమువలె తిన్నవాని గతి ఏమగును? 2010లో భాస్వరము, పొటాషు ఎరువులకిచ్చు సహాయపు పద్ధతి మార్చినప్పుడు యూరియాను అందులో చేర్చలేదు. అందుచేత యూరియా మాత్రము మిక్కిలి చౌకగా నిలిచెను. చౌకయైనది గనుక ఎక్కువ చల్లుచున్నాము. చల్లినదానిలో తరచుగా సగమైనను పైరుకు అందదు, గాలికిని నీటికిని పోవును. ఆకు నల్లబడి మెత్తనై పురుగును పిలుచును. పురుగుకొరకు మరియొక డబ్బా కొందుము. ఇట్లు ఒక అప్పు మరియొక అప్పును కనుచున్నది. భూసార పరీక్ష పత్రములు 2015నుండి ఇచ్చుచున్నారు. మీ ఇంట ఆ పత్రమున్నయెడల దూలమునుండి దించి చదువుడి, లేక చదువుకొనుచున్న మీ బిడ్డచేత చదివించుకొనుడి. అదియు ఒక గునపమే.

రెండవది గత్తము.

తోటమాలి ఎరువు వేసెదననెను. అది తన పెంటలోనిదే గాని ఓడలో వచ్చినది కాదు. మన తాతలు ఎండకాలమంతయు బండ్లతో గత్తము తోలిరి, గొర్రెల మందలను రాత్రులు మడులలో నిలిపిరి, వరి కోసిన తడిలో జనుము, పిల్లిపెసర చల్లిరి. కొండలపై పాడేరు, అరకు ప్రాంతముల సోదరులు చోళ్లు, సామలు, కందులు కలిపి విత్తు వాడుకను నేటికిని పూర్తిగా విడువలేదు. పప్పుజాతి మొక్కల వేళ్లమీద చిన్న బుడిపెలుండును. వాటిలో కంటికి కానరాని జీవులు గాలిలోని నత్రజనిని పట్టి భూమికిచ్చుచున్నవి. సృష్టికర్త ప్రతి మడిలోను ఒక చిన్న ఎరువుల కర్మాగారము ఉంచెను. మనము దానికి తాళము వేసితిమి.

ఆ తాళము తీయు ప్రయత్నము మన రాష్ట్రమునందే జరుగుచున్నది. 2004 ప్రాంతమున మహిళా సంఘముల ద్వారా పురుగుమందులు లేని సేద్యము మొదలాయెను. 2016లో ప్రకృతి వ్యవసాయమను పేరుతో ప్రభుత్వము దానిని విస్తరింపజేసెను. రైతు సాధికార సంస్థ దానిని నడుపుచున్నది. 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతి ఈ కార్యమునకును, మరి ఇద్దరికిని కలిపి ఇయ్యబడెను. ఆ సంవత్సరమే నవంబరులో కేంద్రప్రభుత్వము 2,481 కోట్ల రూపాయలతో దేశమంతటికి ఇట్టి పథకమును అంగీకరించెను.

పని మాత్రము పెద్ద చదువు కోరునది కాదు. ఎకరమునకు జీవామృతము చేయుటకు 200 లీటర్ల నీరు, 10 కిలోల ఆవుపేడ, 5 మొదలు 10 లీటర్ల పంచితము, 2 కిలోల బెల్లము, 2 కిలోల పప్పుపిండి, గట్టుమీది పిడికెడు మన్ను చాలును. నీడలో కొన్ని దినములు పులియనిచ్చి పారు నీటితో విడువవలెను. అది మట్టిలోని జీవులకు పెట్టు విందువంటిది. బెల్లము మన అనకాపల్లిదే. నల్లబడి ధర పలుకని బెల్లమైనను పనికివచ్చును. చెరకు ఎండుటాకును కాల్చక వరుసలమధ్య పరచినయెడల తేమ నిలుచును, కలుపు తగ్గును. వానలకు ముందుగానే పలువిధములైన గింజలు కలిపి చల్లి నేలను పచ్చగా కప్పవచ్చును. ఒంటి ఎండకు భూమిని ఆరవేయకుడి. మన బిడ్డను మనమట్లు విడిచిపెట్టుదుమా?

అయితే మేము అద్భుతములు వాగ్దానము చేయము. మొదటి యేడు పంట కొంత తగ్గవచ్చును. పేడకు పశువు కావలెను, పశువునకు గడ్డి కావలెను, చేయుటకు ఇంట ఆడువారి చేతులు అలసిపోవును. అందుచేతనే తోటమాలి మూడవ సంగతి అడిగెను.

మూడవది గడువు.

సముద్రమునకు ఆవలనున్న శ్రీలంకను చూడుడి. 2021లో అక్కడి ప్రభుత్వము రసాయనపు ఎరువుల దిగుమతిని ఒక్క ఉత్తరువుతో నిలిపివేసెను. రైతు సిద్ధముగా లేడు, గత్తము సిద్ధముగా లేదు. వరిపంట తగ్గెను, ఆ యేడు నవంబరులోనే ఆ ఆజ్ఞను వెనుకకు తీసికొనవలసివచ్చెను. ఉద్దేశము మంచిదైనను గడువు ఇయ్యని మంచితనము పేదవాని కంచములోనిది లాగుకొనును. కాబట్టి ఒక్కసారిగా పొలమంతయు మార్చవద్దు. ఒక మడితో మొదలుపెట్టుడి. అది నిలిచిన తరువాత రెండవ మడి.

ఇచ్చటనే మా మనస్సును గ్రుచ్చిన ఒక మాట చెప్పవలెను. మేము ఒక పల్లెసంఘపు కోతపండుగకు పోయితిమి. ఆరాధన ముగిసిన తరువాత గుడి అరుగుమీద సంఘపు భూమికి ఆ యేటి కౌలు వేలము జరిగెను. మేమే ప్రార్థించి వేలము ప్రారంభించితిమి. అంతవరకు ఆ మడిని చేసిన సహోదరుడు ప్రక్కన నిలిచి యుండెను. బాబూ, ఈ మడిలో గత్తము వేయుచున్నావా అని అడిగితిమి. అతడు తల వంచుకొని, "అయ్యగారూ, పైయేడు ఈ మడి ఎవుడిదో నాకేటి తెలుసండి? నానేసిన గత్తం ఇంకోడి పంటకి పోద్ది. బస్తా అయితే ఈ యేడే పలుకుద్ది" అనెను. ఆ దినమున పాట అతనికంటె రెండువేలు హెచ్చు పాడినవానికి పోయెను. పద్దులో రెండువేలు పెరిగినందుకు సంఘపెద్దలు సంతోషించిరి. మేమును ఆమేన్ అంటిమి.

ఇంటికి వచ్చు దారిలో ఈ ఉపమానము మమ్మును వదలలేదు. కఠినుడుగా కనబడు ఆ యజమానుడైనను మూడేండ్లు వచ్చి చూచెను. ప్రభువు సంఘమనబడిన మనము ఒక్క యేడే ఇచ్చుచున్నాము. లేవీయకాండములో దేవుడు చెట్టు నాటినవానికి ఏమి ఏర్పరచెను? మూడేండ్లు దాని ఫలము ముట్టరాదు, నాలుగవ యేటిది దేవునికి ప్రతిష్ఠితము, అయిదవ యేట తినవచ్చును. భూమి సంగతిలో దేవుని లెక్క అయిదేండ్లు. మన లెక్క పదకొండు నెలలు. కౌలుదారుని మేలుకొరకు మన రాష్ట్రము 2019లో చేసిన చట్టము సహితము యజమాని సంతకముతో పదకొండు నెలల పత్రమునే ఏర్పరచెను. ఆ సంతకమైనను పెట్టుటకు భయపడు యజమానులు మన గుడి బల్లలమీద కూర్చుండుట లేదా? సంతకము లేనిదే ఆ కౌలుదారునికి బ్యాంకు అప్పు దొరకుట కష్టము, పంట పోయినచో సహాయము అందుట కష్టము. నష్టము అతనిది, భూమి మనది! ఇది ధర్మమా?

ఏదెనులో దేవుడు మనుష్యుని ఉంచినప్పుడు రెండు పనులు అప్పగించెనని ఆదికాండము తెలుపుచున్నది: సేద్యము చేయుట, కాచుట. ఏటేటి వేలము సేద్యమును మాత్రమే కొనును, కాచుటను కొనలేదు. రేపు ఎవరిదో తెలియని భూమిని ఎవడు కాచును?

కాబట్టి, ప్రియులారా, మన సంఘములను ఇట్లు బ్రతిమాలుకొనుచున్నాము. సంఘపు భూమి ఉన్నచోట వేలము మానుడి. మన సభ్యులలో భూమిలేని ఒక కుటుంబమునకు అయిదేండ్లకు, న్యాయమైన కౌలుకు, వ్రాతపూర్వకముగా ఇయ్యుడి. ఏటేట గత్తమో పచ్చిరొట్టయో వేయవలెననియు, నేలను కాల్చరాదనియు అందులో వ్రాయుడి. పంట పోయిన యేడు కౌలు తగ్గించుటకు ఇప్పుడే ఒప్పుకొనుడి. సొంత భూమి కౌలుకిచ్చిన సభ్యులు పత్రముమీద సంతకము పెట్టుడి. స్త్రీల సమాజమువారు వంటకు ముందు గుప్పెడు బియ్యము ప్రభువునకు తీసియుంచుచున్నారు. ఇకమీదట గుప్పెడు విత్తనము కూడ తీసి ఒక కుండలో భద్రపరచుడి. జనుము, పెసలు, అలసందలు, చోళ్లు. వానలకు ముందు లేనివానికి పంచిపెట్టుడి.

గుడి పైకప్పు కారుచున్నదనియు, బోధకుని జీతమునకు ఆ కౌలే ఆధారమనియు పెద్దలు చెప్పుదురు. ఆ కష్టము మేమెరుగుదుము. ఆ కౌలులోనుండియే మేమును భుజించితిమి. అయినను చెప్పుచున్నాము: మన రొట్టె రెండువేలంత చిన్నదైనను పరవాలేదు, మన సహోదరుని గడువు చిన్నది కాకూడదు.

మనమెవరము? పండని చెట్లమే కదా! ఎన్ని మూడేండ్లు గడచినవి! గొడ్డలికి మనకు మధ్యను ఒకడు నిలిచి, ఇంకొక్క యేడని మనకొరకు అడిగెను గనుకనే ఈ కోతపండుగ చూచితిమి. పునరుత్థాన దినమున మరియ ఆయనను చూచి తోటమాలి అనుకొనెను. ఆమె పొరపాటు మిక్కిలి గొప్పది కాదని తలంచుచున్నాము. ఆయన మనకిచ్చిన గడువును మనము మట్టికిని, ఆ మట్టిని చేయు సహోదరునికిని ఇచ్చెదము గాక.

ప్రార్థన: ప్రభువా, భూమియు దాని పరిపూర్ణతయు నీవి. మేము తీసికొన్నదెంతయో తిరిగి ఇచ్చినదెంతయో నీవెరుగుదువు. మా అరుగుమీది వేలములను క్షమించుము. మా చేతులకు గునపమును, మా మడులకు గత్తమును, మా హృదయములకు ఓర్పును దయచేయుము. ఈ యేడు కూడ మమ్మును ఉండనిమ్ము. ఆమేన్.