పరదేశి శ్రమయు, నిరుద్యోగ భృతియు

అమెరికా దేశమునందు కొలువు కోల్పోయినవానికి భృతి నిచ్చు ఏర్పాటు 1935 నాటి సామాజిక భద్రతా చట్టముతో దేశమంతట వ్యాపించినది. యజమాని తన కొలువువారి జీతములపై పన్ను కట్టుచుండగా, ఆ నిధినుండి, స్వదోషము లేకయే పని పోయినవానికి, పెక్కు రాష్ట్రములందు 26 వారముల వరకు కొంత సొమ్ము ముట్టును. కావున అది బీమాయే గాని భిక్ష గాదు. హెచ్-1బి వీసాపై పనిచేయు మన తెలుగు ఇంజనీరు నిమిత్తమును యజమాని ఈ పన్ను కట్టవలసినదే. న్యూజెర్సీలోనైతే పనివాని జీతమునుండి సైతము కొంత కోత పడును; ఎడిసన్‌లో కాపురముండు మనవాని జీతపు చీటీలో ఆ పద్దు కంటికి కానవచ్చును.

అట్టివానికి లేఆఫ్ వచ్చి, భృతికై దరఖాస్తు పెట్టుకొన్నచో, పనికి శక్తుడవై సిద్ధముగా నున్నావా యని ప్రశ్న ఎదురగును. శక్తికి లోటు లేదు. అయినను వాని వీసా ఒక్క యజమానికి ముడివడియుండుటచేతను, వేరొక కంపెనీ తనకై పిటిషన్ వేయనిదే అచ్చట అడుగిడ వీలులేకుండుటచేతను, వాడు పనికి సిద్ధముగా లేనట్లే సాధారణముగా అధికారులు భావింతురు. అదే యింట హెచ్-4 వీసాపై వర్క్ పర్మిట్ పొందిన భార్య, ఎవరియొద్దనైనను పనిచేయగలదు గనుక, తన కొలువు పోయినచో భృతికి అర్హురాలు కాగలదు. ఎద్దును తామే గుంజకు కట్టి, ఇది మేతకు పోదని గడ్డి మానివేసినట్లున్నది భర్త విషయమున చట్టము చేసిన తీర్పు.

మనుష్యునికి సంఘముపై హక్కు కలుగుట అందు పుట్టుటవలననా, అందు పాటుపడుటవలననా? శతపథ బ్రాహ్మణము దేవ, ఋషి, పితృ ఋణములతోపాటు మనుష్యఋణమును గూడ లెక్కించి, ఆతిథ్యమును దానికి తీరువగా చెప్పినది; కాని అతిథి యనగా ఒక్క రాత్రి నిలుచువాడని మనుస్మృతి హద్దు గీచినది. గ్రీన్ కార్డు వరుసలో ఏండ్ల తరబడి నిలిచి, అచ్చటనే యిల్లు కొని, బిడ్డలను బడికి పంపుచున్నవాడు అతిథి యెట్లగును? ఇంటివాడును కాడు. ఈ నడిమివానిని గూర్చి తేటగా పలికినది మోషే ధర్మశాస్త్రమని నాకు తోచును: కూలివాడు స్వజనుడైనను, నీ యూరనున్న పరదేశియైనను, వాని కూలి ప్రొద్దు గ్రుంకకమున్నే యిచ్చివేయవలెనని ద్వితీయోపదేశకాండము శాసించుచున్నది.

షరతులెరిగియే వచ్చినాడు గదా యందురు. నిజమే, పని తీరినపిదప వెడలిపోవుటకు ఒప్పుకొన్నాడు; కాని చేసిన పనిపై జమపడినదానిని వదలుకొనుటకు ఒప్పుకొన్నాడని యెట్లనుట? ఇంతకంటె బలమైన ఆక్షేపణ వేరొకటి కలదు: బీమా యనునది రెండు కొలువుల నడుమ మనుష్యుని నిలుపుటకే గనుక, రెండవ కొలువునకు వీలులేనివానికి అది యేల? అయితే 2017 నుండి అమలులోనున్న నియమము కొలువు పోయినవానికి 60 దినముల వరకు గడువిచ్చుచున్నది. క్రొత్త యజమానిని వెదకుకొనుటయు ఆ గడువు ప్రయోజనములలో నొకటి. ఒక శాఖ వానిని ఉద్యోగాన్వేషిగా గుర్తించిన ఆ దినములకైనను వేరొక శాఖ భృతి నిరాకరించుట నాకు సమంజసముగా తోచదు. (గ్రీన్ కార్డునకు చేటు వచ్చునని జంకి, అర్హులును అడుగక మానుదురు; కాని సర్కారుపై భారమగువాడా యని చూచు పబ్లిక్ చార్జి లెక్కలో దీనిని చేర్చరాదని 2022 నాటి నియమముల వివరణయే చెప్పినది, ఏలయన నిది ఆర్జితము.)

హైదరాబాదు శివారులలో మేడలు కట్టు ఒడిశా, బీహారు కూలీల విషయమున మన చట్టము ఇంతకంటె ఉదారము. పుట్టిన రాష్ట్రము నడుగదు. 1996 నాటి శాసనముతో ఏర్పడిన సెస్సు కట్టడపు వ్యయముపై నూటికొక రూపాయి చొప్పున వసూలగును. గడచిన 12 నెలలలో 90 దినములు కట్టడపు పని చేసినట్లు చూపినవాడు, వయసు మించనిచో, సంక్షేమ బోర్డున నమోదు కావచ్చును. చూపుట యెట్లు? మేస్త్రీ చేతిమీదుగా కూలి పుచ్చుకొని, స్లాబు పడగానే మరియొక సైటుకు తరలిపోవువానికి ఆ ధ్రువపత్రము వ్రాసియిచ్చువాడు తరచుగా దొరకడు; సెస్సు మాత్రము వాడు మోసిన యిటుకలపై వసూలగుచునే యున్నది.