విశ్వాసమునకు ఆధారమేమి?

విశ్వాసమను మాట మనకు కొత్తది కాదు. ఇంటికి కావలి కాయు కుక్కను విశ్వాసము గలదందుము. ఉప్పు తిని ద్రోహము తలపెట్టినవానిని విశ్వాసఘాతకుడందుము. ఈ వాడుకలో విశ్వాసమనగా ఒక అభిప్రాయమును అంగీకరించుట కాదు. ఒకరిని నమ్మి, విడువక యుండుట. క్రైస్తవ మతమునకు మూలమైన విశ్వాసమును గ్రహించుటకు ఈ ఇంటిమాటయే మంచి ద్వారము. మంచేనహళ్ళి, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో ఇంట తెలుగును, బడిలో కన్నడమును నేర్చిన మనకు మరియొక సౌకర్యము కలదు. మన నమ్మికయు, కన్నడిగుల నంబికెయు ఒక తల్లి బిడ్డలే.

క్రైస్తవులు ప్రతి ప్రార్థన చివరను పలుకు ‘ఆమేన్’ హీబ్రూ భాషలోనిది. స్థిరముగా నుండుట, నమ్మదగియుండుట అను భావములు గల ధాతువునుండి అది పుట్టినది. విశ్వాసమను మాటకు ఆ భాషలో మూలము కూడ ఆ ధాతువే. కొత్త నిబంధనలోని గ్రీకు పదమునకును నమ్ముట, నమ్మకముగా నుండుట అను రెండర్థములు కలవు. కనుక క్రీస్తునందు విశ్వసించుటయనగా ఆయన యొకప్పుడు జీవించెనని ఒప్పుకొనుట మాత్రమే కాదు. తన బ్రతుకు భారమును ఆయనపై మోపుట. దేవుడొక్కడే యని దయ్యములును నమ్మునని యాకోబు తన పత్రికలో హెచ్చరించుటలోని ఆంతర్యమిదియే.

అయినచో కంటికి కనిపించని దానిపై భారము మోపుట మూఢత్వము కాదా యని వివేకవంతులు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే. మన పల్లెలలో ఒక రైతు పొరుగువానికి పత్రము లేకుండ రాగి విత్తనములు బదులిచ్చును. రాబోవు పంటను ఆతడు చూడలేదు. కాని పొరుగువానిని ఎరుగును. ఆ నమ్మకము సాక్ష్యమును మించిపోవునదే గాని సాక్ష్యము లేనిది కాదు. క్రైస్తవుడును ఇట్లే తన ఆధారమును చూపును: క్రీస్తు జీవితము, సిలువపై ఆయన మరణము, ఆయన తిరిగి లేచెనని చెప్పిన శిష్యుల సాక్ష్యము. ఆ సాక్ష్యము చాలునో చాలదో ఎవరి అంతఃకరణము వారు తేల్చుకొనవలసినది. దానిని బలవంతముచే ఒప్పించుట విశ్వాసమనిపించుకొనదు.

బలవంతము సరే, లాభము మాట యేమి? ఈ ప్రశ్న తెలుగునాట ఒంగోలులో తీవ్రముగా ఎదురైనది. 1876–78 నాటి ధాత కరవు మన మైసూరు రాజ్యమును ఎట్లు పీడించెనో మద్రాసు రాజధానిని కూడ అట్లే పీడించెను. ఒంగోలులో నున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువలో కొంత భాగము త్రవ్వించు పనిని కంట్రాక్టుకు తీసికొని, వేలాది ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. ఆ కాలమున బాప్తిస్మము కోరినవారు అనేకులు. క్లౌ మాత్రము సుమారు పదునైదు మాసములు ఎవరికిని బాప్తిస్మమీయలేదు. తిండికొరకు మతము పుచ్చుకొనిరన్న మాట రాకూడదనియు, అది నిజము కాకూడదనియు ఆయన తలంపు. కరవుపని ముగిసిన పిమ్మట, ఇక ఇచ్చుటకు ధనము లేదని స్పష్టముగా చెప్పెను. అయినను జనులు మరలిపోలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి వద్ద, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగలు.

వారి హృదయములలో అన్యమైన ఆశ ఏదియు లేదని ఎవరు చెప్పగలరు? ఊరి వెలుపల నిలువబెట్టబడినవాడు తన్ను మనుష్యునిగా చూచువారి చెంత చేరగోరుట సహజము. ఆ కోరికను దురాశయని నిందించు అర్హత, ఆతనిని వెలుపల నిలిపినవారికి లేదు. క్లౌ సైతము హృదయములను చదువలేదు. ఒక్క ప్రలోభమును తొలగించి చూచెను. అయితే ఆ పదునైదు మాసములు పరీక్షింపబడినది పుచ్చుకొనువారి విశ్వాసము మాత్రమే కాదు, ఇచ్చువారిది కూడ. ప్రతిఫలము కోరక అన్నము పెట్టగలిగినప్పుడే తన దేవుడు దయామయుడని చెప్పు మాటకు విలువ. చిక్కబళ్ళాపురమున లండను మిషను వారు నెలకొల్పిన ఆసుపత్రివంటి సేవాసంస్థలన్నిటికిని ఇదియే గీటురాయి. చికిత్సకు మతము వెల యైనచో చికిత్సయు, మతమును రెండును చెడును.

విశ్వాసికి సందేహము కలుగకూడదని కూడ కొందరు తలంతురు. సువార్తలు అట్లు చెప్పవు. తోమా సందేహించెను; శిష్యులు ఆతనిని వెలివేయలేదు. రోగియైన కుమారుని తెచ్చిన తండ్రి తన నమ్మికను, అపనమ్మికను ఒకే మొరలో విన్నవించుకొనెను. అతని కుమారుడు స్వస్థుడయ్యెను. విశ్వాసమునకు విరోధి సందేహము కాదు, ద్రోహము. మన ఇంటిమాట మనకు ముందే నేర్పిన సంగతి ఇది.

కైవారము నారాయణ తాతయ్యను తలచుకొను మన కుటుంబములకు భక్తి బేరము కాదని వేరుగా చెప్పనక్కరలేదు. పొరుగున నున్న క్రైస్తవుని మతమును మనము స్వీకరింపకపోవచ్చును. కాని ఆతడు దేనిపై ఆనుకొని నిలిచియున్నాడో తెలిసికొనుట ఇరుగుపొరుగు ధర్మము. ఆతని విశ్వాసమును గాని, మన విశ్వాసమును గాని తూచవలసినప్పుడు అడుగదగిన ప్రశ్న ఒక్కటే: దానివలన కలుగు లాభము నిలిచిపోయిన నాడు అది నిలుచునా?